కార్ణికం చెప్పని ధర

దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టు కొండ ఉత్సవంలో కర్రలు లేస్తాయి, తలలు పగులుతాయి. మరునాడు పేపర్లన్నీ ఆ నెత్తురు గురించే రాస్తాయి. రాయాల్సిందే. కానీ హొళగుంద చుట్టుపక్కల సేద్యగాళ్లు తెల్లవారేదాకా ఆ కొండను వదలకుండా ఉండేది ఇంకో మాట కోసం. ఉత్సవం చివర బసవన్న గుడి దగ్గర పూజారి కార్ణికం, అంటే ఏడాది జోస్యం, చెబుతాడు. వానలెట్లుంటాయో, పత్తి ఎంత పలుకుతుందో, జొన్న ఎంత పలుకుతుందో అక్కడి దేవుడు మాళ మల్లేశ్వరుడి మాటగా ఆయన నోట వస్తుంది. ఆ అంకెలు చెప్పుకుంటూనే జనం ఊళ్లకు మళ్లుతారు.

దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. తన పంటకు ధర తానే చెప్పే హక్కు రైతుకు ఏనాడూ లేదు. ఆదోని యార్డులో వ్యాపారి టెండరులో రాసిందే ధర. మనుషులెవరూ తనను అడగనప్పుడు, దేవుడి నోటనైనా ముందుగా వినాలనుకోవడం మనిషి స్వభావం. వాన కోసం విరాటపర్వం చదివించుకునే సీమలో ఆశకు ఇంకో దారి ఎక్కడుంది? ఆ ఆశను నేను గౌరవిస్తాను. విత్తనం అమ్మేవాళ్లు దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు ధర కట్టడం చూస్తేనే కడుపు రగులుతుంది.

పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది 2002 మార్చిలో. మామూలు హైబ్రిడ్ గింజలు నాలుగైదు వందలకు దొరికే కాలంలో 450 గ్రాముల బీటీ ప్యాకెట్ పదహారు వందలు దాటింది. అందులో పెద్ద వాటా గింజది కాదు, జన్యువుది. మహికో మోన్‌శాంటో బయోటెక్ దాన్ని ట్రెయిట్ ఫీజు అన్నది. ఒక దశలో ప్యాకెట్‌కు 1,250 రూపాయలు తీసుకుంది. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాన్ని విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్ ముందుకు వెళ్లింది. అప్పుడు ముఖ్యమంత్రిది కడప జిల్లా, వ్యవసాయ మంత్రిది అనంతపురం. ఇదే జన్యువుకు చైనాలో అంత తక్కువ తీసుకుని ఇక్కడ ఇంత ఎందుకన్నదే రాష్ట్రం వేసిన ప్రశ్న. మే నెలలో ఫీజు తగ్గించమని కమిషన్ చెప్పింది, ప్యాకెట్ ధర 750 అని ప్రభుత్వం కట్టడి చేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే దొరకలేదు.

ఆ తర్వాత అంగళ్లలో విత్తనం మాయం కాలేదు. 750కే అమ్మారు. మరి పాత ధర దేని లెక్క? పురుగుమందు ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఆ లాభంలో మా వాటా అని కంపెనీలు వాదించాయి. మొదటి ఏళ్లలో పచ్చపురుగు మందులు తగ్గిన మాట నిజమే, కాదనను. కానీ పదును ఆరిపోయేలోగా విత్తాలని అప్పు తెచ్చుకుని నిలబడ్డ మనిషి ఎంతైనా ఇస్తాడన్నదే ఆ లెక్కకు మూలం. తర్వాత బీటీలో రెండో తరమైన బోల్‌గార్డ్-2కూ గులాబీ రంగు పురుగు లొంగడం మానేసింది. అయినా ఫీజు వెంటనే పోలేదు. 2015 చివర కేంద్రం ధరల నియంత్రణ ఆదేశం తెచ్చాక, 2016లో 800 రూపాయల ప్యాకెట్‌లో ట్రెయిట్ విలువ 49గా తేలింది. 2020లో సున్నా అయింది.

గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త వరంగల్ పల్లెల్లో పత్తి రైతుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి 2007లో ఒక వ్యాసం అచ్చువేశాడు. ఈ ఏడు ఊరంతా ఒక విత్తనం మీద పడుతుంది, మరుసటి ఏడు ఇంకోదాని మీద. పొలంలో పరీక్షించి చూసుకునే పాత విద్య జారిపోతోంది అంటాడు. పక్కవాణ్ని చూసి కొనడం తెలివితక్కువతనం కాదు. తెలియని సరుకు ముందు మనమందరం చేసేది అదే. చేను చూసి గింజ దాచుకున్న రోజుల్లో నమ్మకానికి ఆధారం ఉండేది. ఏటేటా కొత్త ప్యాకెట్ కొనాల్సి వచ్చాక దేన్ని నమ్మాలి? అంగడి గోడ మీద వెంకటేశ్వర స్వామి క్యాలెండర్ ఉంటుంది, కింద విత్తన కంపెనీ పేరు. బ్రహ్మ పేరుతోనే ఒక పత్తి హైబ్రిడ్ అమ్ముడైంది. దేవుణ్ని సరుకు పక్కన నిలబెట్టడం చిన్న విషయం కాదు. కాణిపాకంలో వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటే అబద్ధమాడినవాడి కాళ్లు వణుకుతాయి. స్వామి బొమ్మ వాడుకునేవాళ్లకు ఆ భయం ఉండాలి, లెక్క చూపాలి.

ఆ ప్యాకెట్‌లోని గింజ వెనక ఇంకో లెక్కా ఉంది. నంద్యాల చుట్టుపక్కల విత్తనం కోసం వేసే సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గలు గిల్లి, పొద్దున్నే పుప్పొడి రాసే క్రాసింగ్ పని చాలా ఏళ్లు బడికి పోవాల్సిన ఆడపిల్లల చేతుల మీద నడిచింది. ఆ చేతులకు ఎంత దక్కిందో ప్యాకెట్ మీద ఎక్కడా అచ్చు కాలేదు.

2016 నోటిఫికేషన్ ఒక పని చేసి చూపింది. గింజ విలువ ఇంత, ట్రెయిట్ విలువ ఇంత అని విడగొట్టింది. ఆ ఆదేశం పత్తికే పరిమితం. పది గ్రాముల ప్యాకెట్లలో వందల రూపాయలకు అమ్మే హైబ్రిడ్ మిరప విత్తనానికి అది లేదు. మొక్కజొన్నకు లేదు, పత్తికొండ రైతు వేసే టమాటాకూ లేదు. విత్తనం పండించిన రైతుకు ఎంత, కంపెనీకి ఎంత, డీలరుకు ఎంత అన్నది వాటి ప్యాకెట్ల మీద తెలుగులో అచ్చు వేయించాలి. 2006లో ఒక రాష్ట్రం అడిగితేనే ధర సగానికి పైగా దిగింది. వచ్చే ఖరీఫ్‌కు ముందే అడగమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాను.