ఆ 125 మార్కులకు ఒక నిజమైన ప్రశ్న

కర్ణాటక పాఠశాల పరీక్షలు, మూల్యనిర్ణయ మండలి అధ్యక్షులకు బళ్లారి నుంచి బహిరంగ లేఖ

అయ్యా,

ఎస్సెస్సెల్సీ మొత్తం 625 మార్కుల్లో 125 మీరు బడి చేతికే వదిలారు. అంటే ఐదో వంతు. మూడు గంటల పరీక్షలో బయటపడని తెలివి ఇక్కడైనా బయటపడుతుందనే కదా. ఆలోచన మంచిదే. కానీ అందులో ప్రాజెక్టు పేరుతో ఏం జరుగుతోందో చూడాలంటే, ఫైళ్లు అప్పజెప్పే వారంలో మా ఊళ్లో ఏ జిరాక్స్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. సౌర కుటుంబం, గ్లోబల్ వార్మింగ్, నీటి కాలుష్యం. ఏది కావాలంటే అది, స్పైరల్ బైండింగుతో సహా సిద్ధంగా ఉంటుంది. అట్ట మీద పేరు, రోల్ నంబరు రాసుకోవడమే పిల్లవాడి పని. నీటి కాలుష్యం ఫైల్లో గంగానది ఫోటో ఉంటుంది. జీన్స్ ఉతికిన నీలం నీళ్లు పారే మా ఊరి మురుగు కాలువ ఉండదు.

పిల్లలకు చేతకాక కాదు. సిరుగుప్ప వైపు ఒక పల్లెలో తొమ్మిదో తరగతి అమ్మాయి నోటుబుక్కు ఒకటి చూశాను. తుంగభద్ర కాలువ నీళ్లు తమ చేను దాకా ఎందుకు రావడం లేదన్నది ఆమె ప్రశ్న. తూము దగ్గర కర్ర దించి, తడి ఎంతవరకు అంటిందో గోటితో గీత గీసి, మొదట్లో జానెడు, బెత్తెడు అని రాసుకుంది. తర్వాత అన్న స్కేలు తీసుకుని సెంటీమీటర్లలోకి మార్చింది. కరెంటు ఉన్న వేళ మట్టం తగ్గుతోందని గమనించి, కాలువ గట్టున పైకి నడిచి, ఎన్ని మోటార్లు నీళ్లు తోడుతున్నాయో లెక్కపెట్టింది. అదంతా తెలుగులో రాసింది, మధ్యమధ్య కన్నడ మాటలతో. చివరికి బడిలో ఇచ్చింది మాత్రం గ్లోబల్ వార్మింగ్ ఫైలే. ఇలాంటివి ప్రాజెక్టు కిందికి రావని చెప్పారట.

వస్తాయని మీరొక్క మాట చెప్పాలి. ఈ లేఖ అందుకే.

మా సరిహద్దు జిల్లాలో ప్రశ్నలకు కరువు లేదు. తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడది 105 చిల్లరకు దిగింది. 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయిన రాత్రి మా రైతులెవరూ నిద్రపోయి ఉండరు. ఆ ఏడాది ఒక్కో ఊళ్లో ఎవరు ఏ పంట మార్చుకున్నారో ఇంటింటికీ తిరిగి అడిగితే అది పరిశోధన కాదా? ఊరి పక్కనే సంగనకల్లు గుట్టలున్నాయి. కొత్త రాతియుగం మనుషులు రాతి గొడ్డళ్లు చెక్కిన చోటు. బళ్లారిలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరిట మ్యూజియం కూడా ఉంది. గుట్ట మీద ఏవి మిగిలాయో, క్వారీ ఎంత దగ్గరికి వచ్చిందో పిల్లలు ఏటేటా గుర్తించి పెట్టగలరు.

ఇంకొకటి తొందరగా చేయాల్సింది. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్లారితో సహా మిగిలినవి మైసూరుకూ వెళ్లాయి. ఒకే జిల్లాలో ఉన్న వియ్యంకులు రెండు రాష్ట్రాల వాళ్లయ్యారు. అప్పుడు బడికి వెళ్లే వయసున్న వాళ్లు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూగా ఉన్నారు. వాళ్ల మాటలు మనవలు కాక ఎవరు రాసిపెడతారు? నటుడు బళ్లారి రాఘవ నాటకాలు చూసిన తాతల జ్ఞాపకాలు మనం ఇప్పటికే పోగొట్టుకున్నాం.

ఇది కొత్త కోరిక కాదు. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊరి సమస్యనే పట్టుకుని పరిశీలన చేస్తున్నారు. అయితే అది బడికి ఒకరిద్దరికి దక్కే అవకాశం. బెంగళూరులో ఇంటర్నేషనల్ బాకలారియేట్ బడుల్లో చదివే పిల్లలైతే డిప్లొమాకు నాలుగు వేల మాటలకు మించని పరిశోధన వ్యాసం రాసి తీరాలి. ఒక్కో విద్యార్థికి టీచరు ఇవ్వాల్సింది మూడు నుంచి ఐదు గంటల సమయమే. లక్షల ఫీజు కట్టే ఇంట్లో తప్పనిసరి అయిన చదువు, మిరప చేలో కోతకు వెళ్లే పిల్లకు అందని ద్రాక్ష ఎందుకు కావాలి?

మాస్టర్లకు తీరిక ఎక్కడిదంటారు. నిజమే. అందుకే ఆరు సబ్జెక్టులకు ఆరు ఫైళ్లు అడగడం మానేసి, ఏడాదికి ఒక్కటి అడగమంటున్నాను. కాలువ లెక్కలో గణితం ఉంది, సైన్సు ఉంది, సమాజ శాస్త్రం ఉంది, రాయడానికి భాష ఉంది. మార్కులు అన్నిటికీ పంచవచ్చు. దిద్దే పనీ తగ్గుతుంది. ఖర్చా? గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిలో విద్య ముఖ్యమైన పద్దు. నోటుబుక్కులకు, బస్సు చార్జీలకు అందులోంచి ఇస్తే ఎవరూ కాదనరు.

ఫోన్‌ను అడిగితే పది పేజీలు రాసిచ్చే కాలంలో మోసం ఎలా ఆపుతారనీ అడుగుతారు. ఫైలుకు మార్కులు వేస్తే ఆపలేం. చిత్తు నోటుబుక్కుకు వేయండి. తేదీలు, కొట్టివేతలు, తప్పిన లెక్కలు అన్నీ అందులో ఉంటాయి. ఆ తర్వాత పక్క బడి టీచరు వచ్చి పది నిమిషాలు ప్రశ్నలడగాలి. తాను నడిచిన గట్టు గురించి ఏ పిల్లా తడబడదు.

భాష సంగతి. తెలుగును ప్రథమ భాషగా రాసే వీలు మీ మండలే ఇస్తోంది. ఉర్దూకూ ఇస్తోంది. ప్రాజెక్టు కూడా పిల్ల ఇంటి భాషలో రాయనివ్వండి. కన్నడంలో ఒక పేజీ సారాంశం జతచేయమనండి. మేం కన్నడానికి దూరం జరగాలని అడగడం లేదు. అవ్వ చెప్పిన మాట అవ్వ చెప్పినట్టే కాగితం మీదికి రావాలని అడుగుతున్నాం.

పూర్తయిన ప్రాజెక్టును పాత కాగితాల వాడికి అమ్మకుండా బడి లైబ్రరీలో ఉంచాలి. ఈ ఏడు ఒకరు కొలిచిన బావి లోతు వచ్చే ఏడు ఇంకొకరు కొలిస్తే, పదేళ్లకు ఊరి చేతిలో సొంత లెక్క ఉంటుంది. నీళ్ల కోసం ఇంజినీరు ముందు నిలబడ్డ రైతుకు అది పనికొస్తుంది.

రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. బళ్లారి, సిరుగుప్ప తాలూకాల్లో ఒక్క ఏడాది చేసి చూడండి. బడులు తెరిచేలోపు వచ్చే మీ సర్క్యులర్‌లో ఈ వాక్యం ఉంటే చాలు: “విద్యార్థి తన ఊరికి సంబంధించిన ఒక ప్రశ్నను ఎంచుకుని, స్వయంగా చూసి, అడిగి, కొలిచి, తన భాషలో రాసినది ప్రాజెక్టుగా చెల్లుతుంది.”

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు
బళ్లారి