కొల్లేరు చుట్టూ కొండలు లేవు



గత ఏడాది ఏడో తరగతి ఇంగ్లిష్ పరీక్షలో ‘కొల్లేరు సరస్సు సందర్శన’ మీద వ్యాసం రాయమన్నాం. పేపర్లు దిద్దుతుంటే దాదాపు సగం మంది వ్యాసాల్లో ఒకే వాక్యం కనిపించింది: “సరస్సు చుట్టూ అందమైన పచ్చని కొండలు ఉన్నాయి.”

మీకు తెలుసు, నాకూ తెలుసు. ఏలూరు నుంచి కైకలూరు దాకా ఎటు చూసినా చదును నేల. ఆ దారిలో నేల కాస్త ఎత్తుగా కనిపించిందంటే అది చేపల చెరువు గట్టే. ఏదో గైడులో మరేదో సరస్సు గురించి ఉన్న వ్యాసాన్ని పిల్లలు బట్టీ పట్టి, పేరు మాత్రం మార్చి రాశారు. వాళ్లలో కొందరు రోజూ కొల్లేరు పక్క ఊళ్ల నుంచి స్కూల్ బస్సులో వచ్చేవాళ్లే.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. స్పెల్లింగ్ సరిగ్గా ఉంది, గ్రామర్ సరిగ్గా ఉంది కాబట్టి నేను వాళ్లకు పదికి ఎనిమిది, తొమ్మిది వేసేశాను. ఆ కొండల కింద ఒక్క ఎర్ర గీత కూడా గీయలేదు. పేపర్లు ఇచ్చేశాక గానీ అది నాకు తట్టలేదు. తప్పు పిల్లలది కాదు. గుర్తుపెట్టుకుని రాయమని ఎప్పుడూ అడుగుతున్నాం. చూసి రాయమని అడగడం మానేశాం.

అందుకే ఈ నెల మీకు ఒక మాట చెప్పాలనిపించింది. వారానికి ఒక్కసారి, ఇరవై నిమిషాలు, మీ ఫోన్ కెమెరాను మీ పిల్లల చేతికి ఇవ్వండి.

“ఫోన్ ఇవ్వొద్దని పేరెంట్స్ మీటింగ్‌లో మీరే చెప్తారు కదా మేడమ్” అంటారని తెలుసు. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. గేమ్స్, రీల్స్ చూస్తున్నప్పుడు బొమ్మలు ఫోన్ లోంచి పిల్లల కళ్ల ముందుకు వచ్చిపడుతుంటాయి. కెమెరా పట్టుకున్నప్పుడు మాత్రం వాళ్లే బయటికి చూడాలి, ఏది కావాలో వాళ్లే ఎంచుకోవాలి. ఫోన్ అదే అయినా పని వేరు.

ఇది నాకు ఆటపాకలో అర్థమైంది. మొన్న జనవరిలో కొంతమంది పిల్లల్ని కైకలూరు పక్కనున్న ఆ పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాం. ముగ్గురికి ఒకటి చొప్పున మా టీచర్ల ఫోన్లే ఇచ్చాం. ఒక్కటే షరతు పెట్టాం: ఒక్కో జట్టు పన్నెండు ఫొటోలే తీయాలి. మొదటి నాలుగూ సెల్ఫీలకే అయిపోయాయి. మిగిలినవి ఎనిమిదే అని తెలిశాక జాగ్రత్త మొదలైంది. నొక్కే ముందు ఆగడం, ఆలోచించడం, “ఉండవే, అది రెక్కలు విప్పనీ” అనడం వినిపించింది.

ఒక అమ్మాయి గూడబాతుల ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూసుకుని నా దగ్గరికి వచ్చింది. “మేడమ్, ఇవి చెట్టు మీద లేవు. ఇనుప స్టాండు మీద ఉన్నాయి.”

నిజమే. గూళ్లు కట్టుకోవడానికి సరిపడా చెట్లు లేకపోవడంతో అక్కడ పక్షుల కోసం స్టాండ్లు ఏర్పాటు చేశారు. ఆ అమ్మాయి అంతటితో ఆగలేదు. చెట్లు ఎందుకు లేవు? ముందు ఎన్ని ఉండేవి? వీటికి ఇనుము వేడెక్కదా? తిరుగు ప్రయాణంలో బస్సంతా అదే చర్చ. 1999లో కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యం ప్రకటించారనీ, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో దాని లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారనీ చెప్పాల్సి వచ్చింది. గైడు వ్యాసం చదివి ఏ పిల్లవాడూ నన్ను ఇలాంటి ప్రశ్న అడగలేదు.

ఇంకో అబ్బాయి సంగతి చెప్తాను. క్లాసులో నోరు విప్పడు. లేపి అడిగితే తల దించుకుంటాడు. వాడు పక్షుల్ని ఒక్కటి కూడా తీయలేదు. బస్సు ఆగినప్పుడు రోడ్డు పక్క చెరువులో వరుసగా పాతిన కర్రలనూ, వాటికి కట్టిన బస్తాలనూ తీశాడు. ఫొటోను క్లాసులో తెర మీద చూపించి, “ఇదేంటి?” అని అడిగాను. “తవుడు బస్తాలు మేడమ్. కింద చిన్న చిల్లులు పెడతారు. చేపలు వచ్చి పొడుచుకుని తింటాయి. ఒడ్డు మీద నుంచి చల్లితే సగం అడుగుకు పోతుంది, ఇలాగైతే పోదు. బస్తా ఖాళీ అయిన తీరు చూసి మా నాన్న చేపలు ఎలా ఉన్నాయో చెప్పేస్తాడు.” ఆగకుండా అయిదు నిమిషాలు మాట్లాడాడు. సగం తెలుగు, సగం ఇంగ్లిష్. తర్వాత అదే విషయం మీద ఎనిమిది వాక్యాలు రాశాడు. వాటిలో తప్పులున్నాయి. కానీ ఆ ఎనిమిదీ వాడివే.

చెట్ల గురించి అడిగిన అమ్మాయి, చెరువు గురించి చెప్పిన అబ్బాయి ఆ రోజు క్లాసులో ఎదురెదురుగా కూర్చున్నారు. పక్షులు ఉండాలి, చెరువుల మీద బతికే కుటుంబాలూ బతకాలి. దీనికి తేలిక జవాబు నా దగ్గర లేదు. కానీ తమ ఊరి గురించి ఇద్దరు పన్నెండేళ్ల పిల్లలు మర్యాదగా వాదించుకోవడం నేను చూశాను. దానికి కారణం రెండు ఫొటోలు.

దీనికోసం ప్రతిసారీ కొల్లేరు వెళ్లక్కర్లేదు. వంటింట్లో ఉన్నదీ చాలు. 1930లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఫొటోగ్రాఫర్ ఒక కాప్సికం‌ను రేకు గరాటులో నిలబెట్టి, దానిమీద వెలుగు పడే తీరు చూస్తూ ఫొటో తీశాడు. కెమెరాను గంటల తరబడి తెరిచి ఉంచాల్సి వచ్చింది. ఆ ఫొటో పేరు ‘పెప్పర్ నంబర్ 30’. ఆ అంకె చాలు, కాప్సికాన్ని ఆయన ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూశాడో చెప్పడానికి. ఇవాళ ప్రపంచంలో బాగా పేరున్న ఫొటోల్లో అదొకటి. కూరగాయ మామూలుదే. చూసిన చూపు మామూలుది కాదు.

మనకేం తక్కువ? తాడేపల్లిగూడెం వాళ్లకు ఉల్లిపాయల మార్కెట్ ఉంది. ఒక్క ఉల్లిపొరను కిటికీ అద్దానికి ఆనించి చూడమనండి, ఆకు ఈనెల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఏలూరు వాళ్లకు తివాచీలున్నాయి. ముందు వైపు ఒక ఫొటో, తిరగేసి ముడుల వైపు ఒక ఫొటో తీయమనండి. అవేవీ అందుబాటులో లేకపోతే దోసెల పెనం, తడిసిన ముగ్గు, అమ్మమ్మ చేతులు, వాన వెలిశాక డాబా మీద నిలిచిన నీళ్లలో కరెంటు తీగలు.

నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. ముందుగా నెట్ ఆపేయండి. లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. ఉదయం ఎనిమిది లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ ఏటవాలుగా పడుతుంది, అప్పుడు తీయండి. ఇంట్లో అయితే లైటు, ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్కన పెట్టండి. జూమ్ చేయకుండా నాలుగు అడుగులు దగ్గరికి నడవండి. పక్షుల విషయంలో మాత్రం ఆ అడుగులు వద్దు, వాటిని బెదరగొట్టి తీసే ఫొటో మనకు అక్కర్లేదు. ఒకే వస్తువును పైనుంచి, పక్కనుంచి, నేల మీద కూర్చుని, మొత్తం పది తీయండి. తొమ్మిది చెరిపేసి ఒకటి ఉంచండి. ఆ ఒకటే ఎందుకు ఉంచారో మూడు వాక్యాల్లో రాయండి. మనుషుల్ని తీయాలంటే ముందు అడగాలి. తీసినవి స్టేటస్‌లో పెట్టకూడదు.

ఆ మూడు వాక్యాలు ఏ భాషలో అంటే, ఇంగ్లిష్ టీచర్‌గా నా జవాబు మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు: ముందు ఏ భాషలో మాట దొరికితే ఆ భాషలో. కొల్లేరు నీళ్ల మీద పరుచుకున్న ఊదారంగు పూల మొక్కను ఒక పాప ఫొటో తీసింది. దాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో తెలియక ఇంటికెళ్లి అడిగింది. ‘గుర్రపుడెక్క’ అని నాయనమ్మ చెప్పింది. ‘వాటర్ హయాసింత్’ అని నేను చెప్పాను. ఇప్పుడు ఆ పాపకు రెండు మాటలూ గుర్తున్నాయి, ఎందుకంటే అంతకుముందే మొక్కను చూసింది.

మార్కుల సంగతేంటి అంటారా? వర్ణించి రాయమనే ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది. బట్టీ పట్టిన పిల్లలు పట్టిన దగ్గర ఆగిపోతారు. చూడటం అలవాటైన పిల్లలు ఏం అడిగినా నాలుగు మాటలు రాయగలరు. మార్కులు తప్పక పెరుగుతాయని మాత్రం నేను హామీ ఇవ్వను, ఫొటోగ్రఫీ ట్యూషన్ కాదు కాబట్టి. దయచేసి దీన్ని ఇంకో కోర్సుగా మార్చకండి. ఖరీదైన కెమెరా కొనకండి, పక్కింటి పిల్లల ఫొటోలతో పోల్చకండి. ఫొటో వణికినా ఫర్వాలేదు. “ఇందులో నీకేం కనిపించింది?” అని మీరు అడిగితే చాలు. అడిగాక జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. ఈ పనిలో కష్టమైన భాగం అదే, నాకు కూడా.

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినం. 1839లో అదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగెర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని ప్రపంచానికి వెల్లడించింది. కొల్లేరును అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేర్చింది కూడా 2002లో సరిగ్గా ఆగస్టు 19నే. తమ్మిలేరు, బుడమేరు కొల్లేరులోకి నీళ్లు తెచ్చే కాలం ఇది. ఆ వారంలో ఒక సాయంత్రం మీ పిల్లలతో పాటు మీరూ ఒక ఫొటో తీయండి. పిల్లలు తమ ఫొటోనూ మూడు వాక్యాలనూ డైరీలో అంటించి తెస్తే చాలు, నేను చదువుతాను. మార్కులు వేయను.

ఈసారి మాత్రం, లేని కొండలు కనిపిస్తే ఎర్ర గీత గీస్తాను.