మార్కులు సరే, కొలత మాటేమిటి?

హైటెక్ సిటీ అనగానే మన గ్రామాల తల్లిదండ్రులకు కంప్యూటర్ ఉద్యోగాలే గుర్తుకు వస్తాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఇదే వరుస. కాని ఆ అద్దాల మేడలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే బాలానగర్, జీడిమెట్ల ఉన్నాయి. అక్కడి వర్క్‌షాపులకు కావలసింది ఇనుమును కొలత ప్రకారం కోయగల మిషనిస్టులు. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ కూడా 1968 నుంచి బాలానగర్‌లోనే ఉన్నది.

పదో తరగతి పాసైన పల్లెటూరి కుర్రవాడు ఐ.టి.ఐ.లో రెండేళ్లు మిషనిస్టు శిక్షణ పొంది ఈ పనిలో చేరవచ్చు. బస్సు చార్జీలు, గది అద్దె కలిపి ఆ రెండేళ్లూ ఇంటికి భారమే. కనుక పాసయ్యాడా లేదా అన్నదాని కంటే ఏం నేర్చుకున్నాడన్నది ముఖ్యం. దాన్ని తేల్చే పద్ధతి మారవలసి ఉన్నది.

ఇప్పుడు థియరీ పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతున్నది. ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. నూటికి 33 వస్తే పాసు. ప్రాక్టికల్‌లో 60 రావాలి. ఏడాది పొడుగునా చేసిన పనికి సంస్థలోనే వేసే మార్కుల్లోనూ 60 రావాలి. కొలత ఎంత కచ్చితంగా వచ్చింది, పని ఎంత శుభ్రంగా ఉంది, ఎంత సాయం తీసుకున్నాడు అన్నవి చూసి ఈ మార్కులు వేయాలి. నిబంధన మంచిదే. అయితే మార్కుల జాబితాలో అంకెలే కనిపిస్తాయి, చేతిపని కనిపించదు.

వర్క్‌షాపులో నూటికి 60 లెక్క చెల్లదు. 25 మిల్లీమీటర్ల షాఫ్టును 0.02 మి.మీ. తేడాకు మించకుండా చేయమని డ్రాయింగ్‌లో ఉంటే అలాగే చేయాలి. ఆ తేడా తలవెంట్రుక మందం కంటే తక్కువ. షాఫ్టు లావుగా ఉంటే మళ్లీ కోయవచ్చు. సన్నమైతే తుక్కులో వేయవలసిందే. ఈ సంగతి చేతికి తెలిసినవాడే మిషనిస్టు.

అందుచేత ప్రతి జాబ్‌కూ డ్రాయింగ్ కొలత ఎంత, వచ్చిన కొలత ఎంత అన్నది పుస్తకంలో రాయించాలి. ముందు విద్యార్థి కొలవాలి, తర్వాత ఇన్‌స్ట్రక్టరు కొలవాలి. రెండూ కలవకపోతే కుర్రవాడికి కొలవడమే రాలేదని తెలిసిపోతుంది. బయటి వర్క్‌షాపుల సూపర్‌వైజర్లను పిలిచి కొన్ని ముక్కలు మళ్లీ కొలిపించాలి. నేర్పిన మనిషే మార్కులు వేయడం ఎంత నిజాయితీపరుడికైనా ఇబ్బందే.

మిషన్లు చాలవు, ఇనుము చాలదు అన్న మాట వినిపిస్తుంది. కొలిచి రాయడానికి కొత్త మిషను అక్కరలేదు. ఒకే కడ్డీని లావు తగ్గించుకుంటూ నాలుగైదు కొలతలకు లేతు మీద తిప్పించవచ్చు. రాష్ట్రంలో 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ సహకారంతో ఆధునిక కేంద్రాలుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. కొత్త మిషన్లు రావడం సంతోషమే. వాటి మీద ఒక్కొక్క విద్యార్థి స్వయంగా ఎన్ని గంటలు పనిచేశాడో కూడా లెక్క చూపాలి.

సంస్థలో వేసిన మార్కుల ఆధారాలను తర్వాతి పరీక్ష దాకా భద్రపరచాలని నిబంధనల్లోనే ఉన్నది. తల్లిదండ్రులు “మావాడు పాసవుతాడా సారూ” అని అడిగి ఊరుకోరాదు. “మావాడు చేసిన ముక్క చూపండి, మా ముందు కొలవండి” అని అడగాలి. పంట తూకం వేసేటప్పుడు కాటా దగ్గర నిలబడి ముల్లు చూసుకునే రైతుకు ఇది కొత్త విద్య కాదు. సంబంధిత అధికారులు ఈ విద్యా సంవత్సరంలోనే ప్రతి ఐ.టి.ఐ.లో కొలతల పుస్తకం పెట్టించి, అడిగిన తల్లిదండ్రులకు చూపే ఏర్పాటు చేయాలి.