అడ్మిషన్ రిజిస్టరులో దాగిన చరిత్ర

కతోలిక విచారణల్లోని (పారిష్‌ల్లోని) బాలికోన్నత పాఠశాలలు జూబిలీ చేసుకున్నప్పుడు తెచ్చే సంచికలు సాధారణంగా ఒకే తీరులో మొదలవుతాయి. ముందు మేత్రాసన పీఠాధిపతి ఫొటో, తరువాత విచారణ గురువుల వరుస, ఆపైన శంకుస్థాపన శిలాఫలకం. పిల్లలు చివరి పేజీల్లో, గ్రూపు ఫొటోల్లో కనిపిస్తారు. ఈ వరుస తలకిందులని మా అభిప్రాయం. ఆ చరిత్రను జ్ఞానమ్మ అనే స్త్రీతో మొదలుపెట్టి చూద్దాం. గుంటూరు నుంచి నరసరావుపేటకు పోయే దారిలో ఫిరంగిపురం ఉంది. జ్ఞానమ్మ 1822లో పుట్టింది ఆ ఊళ్లోనే. తమిళనాట తెలుగు కతోలికులు స్థిరపడిన కీళచ్చేరికి కోడలుగా వెళ్లింది. భర్త పోయాక 1863లో అక్కడ ఆడపిల్లల బడి తెరిచింది. మద్రాసు, ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభలు రెండూ ఆమెనే తమ స్థాపకురాలిగా చెప్పుకుంటాయి. వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన 1874లోనే ఆమె కన్నుమూసింది. మన పాఠ్యపుస్తకాలకు ఆ సంవత్సరంలో ఒక్క సంఘటనే తెలుసు. విదేశం నుంచి జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్ సభ) సిస్టర్లు గుంటూరుకు 1904లో వచ్చారు. కాన్వెంటు చదువంటే విదేశీ సరుకని తేల్చేసేవారు వీరికంటే నలభై ఏళ్ల ముందరి ఈ తెలుగు వితంతువును ఏ లెక్కలో వేస్తారో చెప్పాలి.

మతం మార్చడానికే కదా బడులు పెట్టారన్న ఆక్షేపణను తేలిగ్గా కొట్టిపారేయలేం. విశ్వాసాన్ని వ్యాపింపజేయడం మిషన్ల ఉద్దేశమేనని మిషన్లే దాచలేదు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లో గురజాలకు వచ్చింది వట్టి అక్షరాలు నేర్పడానికి కాదు. అయితే స్థాపకుడి ఉద్దేశం, చదువుకున్న పిల్ల బతుకు ఒకటి కావు. ప్రభుత్వ గుర్తింపు లేదా ఆర్థిక సాయం ఉన్న బడిలో సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అది ఎంతవరకు అమలైందన్నది వేరే చర్చ. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు రాకముందు ఈ పల్నాటి సీమలో ఎక్కువ భాగం మెట్ట. ఆడపిల్ల ఇంటికి రెండు చేతుల కూలి. ఊరి బడి దాటి పై తరగతికి పోవాలంటే దారి దూరం, రెంటచింతల ఎండలు సరేసరి. అక్కడ పిల్లను నిలబెట్టింది ప్రార్థన కన్నా బోర్డింగు, అందులో రాత్రి కాపలా ఉండే సిస్టరు. ఆడ టీచరు ఉందంటే, పొద్దుగూకితే పిల్ల గోడలోపలే ఉంటుందంటే తండ్రి ఒప్పుకునేవాడు. ఆ గోడ రక్షణా, నిర్బంధమూ కూడా. స్త్రీవాదులు నిర్బంధమన్నది తప్పు కాదు. కానీ ఆ గోడ లేకపోతే చాలామంది పిల్లలు గడప దాటేవారే కాదు.

అందుకే చరిత్ర రాయదలచినవారు శిలాఫలకాన్ని వదిలి అడ్మిషన్ రిజిస్టరు తెరవాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, మతం, చేరిన తేదీ, మానేసిన తేదీ, కారణం అన్నీ అందులో గడులుగా ఉంటాయి. ఏ ఊరి పిల్లలు ఎప్పుడు రావడం మొదలుపెట్టారో, ఏ తరగతిలో ఎక్కువమంది రాలిపోయారో ఆ గడులే చెబుతాయి. మంత్రాంగం నడిపిన నాగమ్మ కథను వీరగాథగా పాడుకునే పల్నాడు, ఏడో తరగతిలో బడి మానేసిన నాగమ్మలను ఇంకా లెక్కపెట్టలేదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ బడులను అప్పగించమన్నప్పుడు వాదోపవాదాలు ఎక్కువగా స్థలాల చుట్టూ, జీతాల చుట్టూ తిరిగాయి. ఈ పాత రిజిస్టర్ల సంగతి పెద్దగా చర్చకు రాలేదు.

సిస్టర్లకు, విచారణలకు ఇబ్బందిగా ఉండే గడి కూడా ఆ రిజిస్టరులో ఉంది. అది కులం గడి. బాప్తిస్మం కులాన్ని చెరిపేయలేదు. అగ్రకుల కతోలికులూ దళిత కతోలికులూ ఒకే గుడిలో వేరువేరుగా కూర్చున్న కాలం ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో అతను బీసీ-సి. కనుక ఒకే వాడ నుంచి ఒకే బెంచీకి వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరి ఎదుట ఎస్సీ అని, ఇంకొకరి ఎదుట బీసీ-సి అని రాయాల్సి వస్తుంది. ఆదివారం గుడికి ఇద్దరూ పోయేవాళ్లే కావచ్చు. ఎస్సీ సర్టిఫికెట్టు పోకుండా ఉండాలని ఒక తల్లి మతం గడిలో వేరే మాట రాయించి ఉంటుంది.