పతాకమున మన వంతు

ప్రతి సంవత్సరము ఆగస్టు 15న మన కళాశాలలో జెండా ఎగురును, ఉపన్యాసములు జరుగును. ఉర్దూలోనైనను తెలుగులోనైనను వానిలో ఒక వాక్యము తప్పక వినవచ్చును: కాషాయము హిందువులది, ఆకుపచ్చ ముస్లిములది, తెలుపు తక్కినవారిది అని. వక్తల సదుద్దేశమును మేము శంకింపము. కాని ఈ మాటను ఇక చాలింపవలెనని మా అభిప్రాయము.

ఈ భావమునకు మూలము లేకపోలేదు. 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనపుడు మన పింగళి వెంకయ్యగారు సమర్పించిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఆ రెండు మతములకు గుర్తులుగనే ఎంచబడినవి. ఇతర మతములవారి కొరకు తెలుపును చేర్చవలెనని గాంధీజీ సూచించిరి. అయితే మతమునకొక రంగను లెక్క మొదలైన పిదప దానికి అంతెక్కడ? సిక్కులు తమ రంగును కూడ చేర్చుమని అడిగిరి. అందులో అన్యాయమేమున్నది? తుదకు 1931లో కాంగ్రెసు ఎరుపునకు బదులు కాషాయమును గ్రహించి, రంగులకు మతపరమైన అర్థము లేదని స్పష్టముగ తీర్మానించినది. 1947 జులై 22న రాజ్యాంగ పరిషత్తులో పతాక తీర్మానమును ప్రతిపాదించుచు పండిత నెహ్రూ ఆ మాటనే చెప్పిరి. రాట్నము స్థానమున 24 ఆకుల అశోకచక్రము చేరినదియు నాడే.

తొంబదేండ్లకు పూర్వమే విడిచిన అర్థమును మనమింకను ఎందుకు మోయవలెను? ఆకుపచ్చ పట్టీ మాత్రమే మనదన్నచో, తక్కిన రెండు పాళ్లు మనవి కావని మన నోటితో మనమే ఒప్పుకొన్నట్లగును. అల్పసంఖ్యాకుల కళాశాల వేదికపై ఈ మాట మరింత బాధాకరము.

జెండా అంతయు మనదైనచో దాని మర్యాదయు మన పూచీయే. 2002 నాటి పతాక నియమావళి ప్రకారము పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండవలెను. గోడకు నిలువుగ కట్టినపుడు కాషాయము చూచువారికి ఎడమవైపున ఉండవలెను. మన సభామందిరమున గత వేడుకనాడు అది కుడివైపున ఉండుట పలువురు చూచిరి, ఎవరును సరిదిద్దలేదు! మరునాటి ఉదయము ఆయా చీపురు క్రింద పడిన కాగితపు జెండాల సంగతి చెప్పనక్కరలేదు. నియమావళి వానిని నేలపాలు చేయరాదని చెప్పుచున్నది.

కార్యవర్గమువారికి మా విన్నపము స్వల్పమే. రానున్న జనవరి 26 లోపల అంచులు చినిగిన పాత జెండాను నియమము ప్రకారము ఏకాంతముగ దహనము చేయించి, సరియైన కొలతలు గల క్రొత్తదానిని తెప్పింపుడు. 2021 డిసెంబరు సవరణతో పాలియెస్టరునకును అనుమతి లభించినది గాని, ఖాదీ అయినచో మాకు మరింత సంతోషము. కాగితపు జెండాలను ఏరి తెచ్చు పని విద్యార్థులము మేము చూచుకొందుము. అందులకు ఒక గోనెసంచి ఇప్పించిన చాలును.