సాఫ్ట్‌వేర్ మారితే వాహనం మారినట్లు కాదా?

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు గమ్యస్థానం చేరబోయే ముందు మందిర్ హసౌద్ అనే స్టేషను దాటుతుంది. విశాఖ రేవును మధ్య పరగణాలతో కలపడానికి బ్రిటిష్ కాలంలో తలపెట్టిన ఈ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ ఊరి మీదుగానే ఒకప్పటి ఆరవ నంబరు, ఇప్పటి 53వ నంబరు జాతీయ రహదారి తూర్పు దిశగా ఒడిశా వైపు సాగుతుంది. దక్షిణాన ఛత్తీస్‌గఢ్ కొత్త రాజధాని నవ రాయపూర్ విశాలమైన రోడ్లు. వాటికి తోడు రాయపూర్ పరిసరాల నుంచి విశాఖపట్నం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి నిర్మాణం జరుగుతున్నది. రోడ్డు విశాలమైతే వేగం పెరగడం సహజం. వేగాన్ని కొలవడానికి కెమెరాలు వచ్చాయి. అయితే ఆ కెమెరా కారు ఎంత వేగంతో పోతున్నదో చెప్పగలదే తప్ప, అది తయారీదారు అమ్మిన కారేనా, మధ్యలో మరెవరో దాని స్వభావాన్ని మార్చివేశారా అన్నది చెప్పలేదు. రవాణా శాఖ కూడా చెప్పలేకపోతున్నది. ఆలోచించవలసిన విషయం ఇదే.

ఇరవై ఏళ్ల క్రితం మన దేశంలో టర్బోచార్జర్ గల పెట్రోలు కారు అపురూప వస్తువు. 2004లో స్కోడా సంస్థ 150 అశ్వశక్తి గల ఆక్టావియా ఆర్‌ఎస్ తెచ్చినపుడు దానిని కొనగలిగినవారు కొద్దిమందే. నేడు మధ్యతరగతి సెడాన్లలోనే ఆ శక్తి లభిస్తున్నది. 2022లో వచ్చిన ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీది 150 అశ్వశక్తి. 2023 నాటి హ్యుందయ్ వెర్నా టర్బోది 160. ఇంజను వదిలే పొగ వేగంతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని ద్వారా లోపలికి పోయే గాలిని అదిమి పంపడమే టర్బోచార్జర్ పని. గాలి ఎక్కువైతే ఇంధనాన్ని ఎక్కువగా మండించవచ్చు. ఎంత గాలిని అదమాలి, ఎంత పెట్రోలు చిమ్మాలి, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలి అన్నవి నిర్ణయించేది ఇంజను పక్కనుండే కంప్యూటరు. దానిలోని అంకెల పట్టికలనే ఈ వృత్తిలోనివారు మ్యాప్ అంటారు. ఆ అంకెలు మారిస్తే శక్తి మారుతుంది. స్టీరింగు కిందనుండే పరీక్షా సాకెట్టుకు ఒక ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలు. రెంచి పట్టనవసరం లేదు, చేతికి మసి అంటదు. గంటో రెండు గంటలో పని ముగుస్తుంది. 230 అశ్వశక్తి గల ఇంజను 300కు దగ్గరవుతుందని ఈ వ్యాపారంలోనివారు ప్రకటించుకుంటారు. టర్బో ఇంజన్ల విషయంలో ఆ మాట అతిశయోక్తి కాదు.

అయితే ఇంజను ఒక్కటే కారు కాదు. వర్టస్ జీటీ ఇంజను బిగింపు శక్తి, అంటే టార్క్, 250 న్యూటన్ మీటర్లు. దానికి జతచేసిన ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఆ సంస్థ రూపొందించిందీ 250 న్యూటన్ మీటర్లకే. అంటే తయారీదారు గీత గీసిన చోటనే ఆగాడు. మ్యాప్ మార్చి ఇంజనును 300 దాటించినవాడు ఆ గేర్‌బాక్సులోని క్లచ్ పలకలను అడిగి ఆ పని చేయలేదు. విడుదలైననాడు ఆ కారు వెనుక చక్రాలకు ఉన్నవి డ్రమ్ బ్రేకులే. శక్తి పెరిగిన సంగతి ఇంజనుకు తెలుసు, బ్రేకులకు తెలియదు. గంటకు 100 కిలోమీటర్ల వేగం 120 అయితే వేగం పెరిగింది అయిదో వంతే. కాని ఆపవలసిన శక్తి 44 శాతం పెరుగుతుంది. పాఠశాల భౌతికశాస్త్రంలోని లెక్కే ఇది.

ఎండ సంగతి కూడా విస్మరించరాదు. రాయపూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకడం వింత కాదు. రామగుండం, విజయవాడ వాసులకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. లోపలికి పోయే గాలి వేడెక్కినకొద్దీ నిప్పురవ్వ రగిల్చిన మంట చేరకముందే మిగిలిన ఇంధనం తనంత తానుగా మండే ప్రమాదం పెరుగుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీనినే. అది ముదిరితే పిస్టన్లు పగులుతాయి. 98 ఆక్టేన్ పెట్రోలు సులభంగా దొరికే జర్మనీలో, చల్లని వాతావరణంలో సరిచూసిన మ్యాపును యథాతథంగా తెచ్చి ఇక్కడ ఎక్కించడం ఎంత వివేకమో ఆలోచించాలి. పైగా మన పెట్రోలులో ఇపుడు 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. పెట్రోలు ఒక పాలు మండడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. అందువల్ల చిమ్మవలసిన ఇంధనం లెక్కే మారుతుంది. ఈ తేడాలను గమనించి రోజుల తరబడి పరీక్షించి మ్యాప్ రాసే నిపుణులు మన దేశంలో లేకపోలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫైలును పెన్‌డ్రైవులో వేసుకుని తిరిగేవారూ ఉన్నారు. ఇద్దరికీ మధ్య తేడా చెప్పే ముద్ర ఏదీ వినియోగదారుకు కనిపించదు.

చట్టం ఏమంటున్నది? 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటున్నది. కేరళకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను కచ్చితంగా పాటించవలసిందేనని తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182-ఎ సెక్షను మారింది. దాని ప్రకారం అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాగితం మీద ఇంతకంటె కఠినం అక్కరలేదు. అమలులోనే ఉంది చిక్కంతా. వెడల్పయిన టైరు, మోత మోగే సైలెన్సరు ఇన్‌స్పెక్టరు కంటికి, చెవికి అందుతాయి. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పోలీసులు స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు పాఠకులు చూసే ఉంటారు. సాఫ్ట్‌వేరును రోడ్డు రోలరు కింద ఎలా పెడతారు? కాలుష్య తనిఖీ కేంద్రంలో పెట్రోలు కారు గొట్టంలో కొద్ది నిమిషాలు గొట్టం పెట్టి, నిలిచి ఉన్న కారు వదిలే వాయువులను కొలుస్తారు. మారిన మ్యాప్ తన ప్రతాపం చూపేది కారు నిలిచి ఉన్నపుడు కాదు, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినపుడు.

విచిత్రమేమంటే ఈ మార్పును పట్టే పరిజ్ఞానం లేక కాదు. కొన్ని కార్ల కంపెనీల సర్వీసు కేంద్రాలలోని కంప్యూటర్లు మారిన సాఫ్ట్‌వేరును గుర్తించి, ఆ కారు పేరిట ఒక గుర్తు నమోదు చేస్తాయి. ఇక వారంటీ కోరే వీలుండదు. అందుకే కొందరు సర్వీసుకు పోయేముందు పాత మ్యాప్ తిరిగి ఎక్కించుకుని వెళతారు. కంపెనీ తన ఖర్చు తప్పించుకోవడానికి చూడగలిగినదానిని ప్రభుత్వం పౌరుల ప్రాణరక్షణకు చూడలేదా?

ఇంజను కంప్యూటరులోకి తొంగిచూడవలసిన అవసరాన్ని ప్రపంచానికి నేర్పినవారు ట్యూనింగ్ కుర్రాళ్లు కారు, కార్ల కంపెనీయే. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్ గుట్టు రట్టు చేసింది. తనిఖీ జరుగుతున్నదని పసిగట్టినపుడు మాత్రమే పొగను అదుపు చేసే సాఫ్ట్‌వేరును ఆ సంస్థ తన డీజిల్ కార్లలో పెట్టింది. ప్రపంచవ్యాప్తంగా అలాంటి కార్లు సుమారు కోటీ పది లక్షలు. మన దేశంలో 3.23 లక్షల కార్లను వెనక్కి పిలిపించి సాఫ్ట్‌వేరు మార్చవలసివచ్చింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా విధించగా, సుప్రీంకోర్టు ఆ వసూలును నిలిపివేసింది. కంచే చేను మేసిన ఈ ఉదంతం తర్వాతనైనా, బానెట్ కింద లోహం ఎంత ముఖ్యమో అంకెలూ అంతే ముఖ్యమని మన రవాణా శాఖలు గ్రహించి ఉండవలసింది.

కాలిఫోర్నియా గ్రహించింది. అక్కడ 2021 జులై నుంచి పొగ తనిఖీకి వచ్చిన కారు కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు గుర్తింపు సంఖ్యను కూడా చదువుతున్నారు. తయారీదారుదో, రాష్ట్ర వాయు వనరుల మండలి ఆమోదించినదో కాకపోతే కారు తనిఖీలో తప్పుతుంది. ఇక్కడ గమనార్హమైనది నిషేధం కాదు, ఆమోదం. కాలుష్యం పెంచదని పరీక్షలో నిరూపించుకున్న ట్యూనింగుకు ఆ మండలి ఉత్తర్వు ఇస్తుంది. అలాంటి కారు దర్జాగా రోడ్డెక్కుతుంది. జర్మనీలోనూ ఇంతే. వాహనం స్వభావం మార్చే పని చేయిస్తే నడిపే అనుమతి రద్దవుతుంది. గుర్తింపు పొందిన నిపుణుడు పరీక్షించి, ఆ మార్పును వాహన పత్రాలలో చేర్చితే మళ్లీ చెల్లుతుంది. ఆ రెండుచోట్లా మార్పులు చేసే వృత్తి బతికే ఉన్నది, పన్ను కడుతున్నది, తప్పు చేస్తే దొరుకుతున్నది.

మన చట్టంలో ఇందుకు తావు లేదనుకుంటే పొరపాటు. 2019 సవరణ 52వ సెక్షనులోనే ఒక తలుపు తెరిచి ఉంచింది. వాహనాల మార్పునకు ప్రమాణాలు, ఆమోద నిబంధనలు కేంద్రం నిర్దేశించవచ్చునని, అలా ఆమోదం పొందిన మార్పు కారణంగా తయారీదారు వారంటీ రద్దయినట్లు భావించరాదని అందులో స్పష్టంగా ఉంది. సీఎన్‌జీ కిట్ల విషయంలో ఈ దేశం ఆ దారిలోనే నడిచింది. ఆమోదం పొందిన కిట్టు, అర్హత గల బిగింపు కేంద్రం, నమోదు పత్రంలో ప్రవేశం అనే పద్ధతి ఏళ్ల తరబడి సాగుతున్నది. పెట్రోలు కారుకు గ్యాస్ సిలిండరు బిగించడం కంటె మ్యాప్ మార్చడం ప్రమాదకరమని ఎవరూ అనలేరు. పరీక్షించడానికి పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ ఉన్నాయి. కొరవడింది నిబంధనే.

ఏటా లక్షన్నరకు పైగా ప్రాణాలు రోడ్లపై పోతున్న దేశంలో కార్ల శక్తి పెంచుకోవడానికి దారి చూపడమేమిటని ఆక్షేపించేవారుంటారు. ఆ ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. 2022లో 1,68,491 మంది మరణించగా అందులో 71 శాతం అతివేగం ఖాతాలోనివే. అయితే 2025 అక్టోబరులో 265 అశ్వశక్తి గల ఆక్టావియా ఆర్‌ఎస్ దాదాపు 50 లక్షల రూపాయలకు చట్టబద్ధంగానే అమ్మకానికి వచ్చింది. అంటే ప్రభుత్వం అభ్యంతరపెడుతున్నది శక్తిని కాదు. తయారీదారు ఆ శక్తికి తగిన బ్రేకులు, టైర్లు, గేర్‌బాక్సు ఇచ్చి, పరీక్షించి అమ్మాడు. మ్యాప్ మార్చేవాడు కూడా అదే పరీక్షకు నిలబడాలని కోరడం అన్యాయమేమీ కాదు. ఆ పరీక్షలో డ్రమ్ బ్రేకుల కారు నెగ్గకపోతే అనుమతి రాదు, అంతే.

నేటి రహస్య వ్యవస్థలో నష్టపోతున్నదెవరు? మార్పు సంగతి బీమా సంస్థకు చెప్పని యజమాని, ప్రమాదం జరిగితే సొంత కారు నష్టపరిహారం తిరస్కరణకు గురయ్యే ముప్పును నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు. చెప్పితే చట్టవిరుద్ధమైన పనిని ఒప్పుకున్నట్లు. ఆ కారును మూడేళ్లకు సెకండ్ హ్యాండులో కొన్న గుమాస్తాకో ఉపాధ్యాయునికో, దాని గేర్‌బాక్సు ఎంత శ్రమపడిందో తెలిసే మార్గం లేదు. ఎదురుగా స్కూటరు మీద వచ్చేవానికి ఇవేవీ అక్కరలేదు. ఆ కారు సకాలంలో ఆగితే చాలు.

వాహన నిబంధనలు మార్చేటపుడు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించడం కేంద్ర రవాణా శాఖ ఆనవాయితీ. ఇంజను సాఫ్ట్‌వేరుపై అలాంటి ముసాయిదాను వెంటనే వెలువరించాలి. కాలుష్య తనిఖీలోనే కంప్యూటరులోని గుర్తింపు సంఖ్యను చదివి తయారీదారు ఇచ్చిన జాబితాతో సరిచూడాలన్నది అందులో మొదటి అంశం కావాలి. ఆమోదిత మార్పుకు పరీక్ష రుసుము ఎవరు చెల్లించాలి, ఒక నమూనాకు ఇచ్చిన ఆమోదం అదే తరహా కార్లన్నింటికీ వర్తిస్తుందా, చిన్న వర్క్‌షాపుల వారు ఆ ఖర్చు ఎలా భరించాలి అన్న చిక్కులున్నాయి. ఒక్కో కారుకూ పుణె పోవాలంటే మాత్రం ఎవరూ పోరు. నమూనాకు ఒక్కసారే పరీక్ష జరిపి, బిగింపు కేంద్రాలకు లైసెన్సులు ఇవ్వడమే ఆచరణసాధ్యం. పనిలో పనిగా లారీలను కూడా చేర్చాలి. యూరియా ద్రావణం పోయకుండానే పోసినట్లు ఇంజనును నమ్మించే పరికరాలు వివిధ దేశాలలో పట్టుబడ్డాయి. మందిర్ హసౌద్ మీదుగా ఇనుము మోసుకుపోయే బండ్ల కంప్యూటర్లు కూడా పరీక్షా సాకెట్టు ద్వారా చదవదగినవే.