తుప్పు ఎంత లోతు?

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి.నగరు వరకు మెట్రో స్తంభముల నీడలో నడచువారికి ఒక దృశ్యము నిత్యపరిచితము. ప్రక్కవీధి మొగలో ఒక చిన్న సరకుబండి నిలిచియుండును. దాని వెనుకపలక ఇనుపతీగతో కట్టబడియుండును. తలుపుల అడుగుభాగము జల్లెడవలె నుండును. అసలు రంగేదియో చెప్పుట కష్టము. రోగి పడకచెంత నిలిచిన బంధువులవలె ఇద్దరు మనుష్యులు దాని ముందు నిలిచి మెల్లగా మాటలాడుకొనుచుందురు. ఒకడు యజమాని, రెండవవాడు మెకానిక్. వారి ముందున్న ప్రశ్న ఒక్కటే: దీనిని బాగుచేయించుటయా, వదిలించుకొని కొత్తది కొనుటయా?

లోకమున పెద్ద సమస్యలుండగా తుప్పుబండిని గూర్చిన చర్చయేల యని కొందరు అడుగవచ్చును. కాని ఆ బండిమీద ఒక కుటుంబపు బియ్యము, ఇంటి అద్దె, పిల్లల చదువు నడచుచున్నవి. తరగతిలో వెనుకబల్లపై కూర్చుండు పిల్లవాని ఫీజు జూన్ మాసమున ఎందులకు ఆలస్యమైనదో ఉపాధ్యాయునికి తెలియకపోవచ్చును. ఆ బండి ఇంజనుకు తెలియును.

ఈ ప్రాంతమున ఇట్టి బండ్లు ఇన్ని యుండుటకు కారణము కలదు. 1986లో కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు వెలసినది. మామిడి, బత్తాయి, పుచ్చకాయ, ఏ కాలపు పండు ఆ కాలమున లారీలలో వచ్చి దిగి, అక్కడినుండి చిన్నబండ్లపై నగరపు వీధులకు పోయెడిది. 2005లో టాటా ఏస్ వచ్చినది. ముప్పాతిక టన్ను సరకు మోయు బండి సామాన్యునికి అందినది. జనులు దానికి ‘ఛోటా హాథీ’ యని ముద్దుపేరు పెట్టిరి. ఆ పేరులో పరిహాసము కంటె గౌరవమే హెచ్చు.

2022లో ఆ మార్కెట్టు ఎల్.బి.నగరు దాటి, విజయవాడ మార్గమున బాటసింగారమునకు తరలిపోయినది. దీనిని గూర్చి వ్యాపారులు, రైతులు, ప్రయాణికులు ఎవరి మాట వారు చెప్పిరి. బండ్ల మాట ఎవరును చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగరులోని అంగడికిని కొత్తపేటకును నడుమ రెండు కిలోమీటర్లు మెల్లగా తిరుగుచున్న ముసలిబండి, ఒక్కసారిగా జాతీయ రహదారిపై భారీ లారీల సరసన పరుగెత్తవలసి వచ్చినది. నిన్న నెట్టుకొనివచ్చిన బ్రేకు నేడు చాలదయ్యెను. బండి మారలేదు, దూరము మారినది. సంవత్సరములు లెక్కించి బండి వయస్సు చెప్పువారు ఈ సంగతిని మరచుచున్నారు.

ఇక తుప్పు మాట. హైదరాబాదునకు సముద్రము లేదు, ఉప్పుగాలి లేదు. అయినను ఇచ్చటి బండ్లు తుప్పుపట్టుచున్నవి. పండ్ల అడుగున పరచిన గడ్డి తడియును. కుళ్ళిన కాయల రసము కారును. సాయంకాలము బండిని కడిగిన నీరు రేకుల సందులలో చేరి అచ్చటనే నిలుచును. 2020 అక్టోబరు వరదలలో సరూర్‌నగరు చుట్టుపట్ల కాలనీలు మునిగినపుడు వాహనములును మునిగినవి. నీరు పోయినది గాని, గొట్టపు కమ్ముల లోపల చేరిన బురద అంత సులభముగా పోలేదు.

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసిన తుప్పు పుట్టునని ఎనిమిదవ తరగతి పిల్లవాడును చెప్పగలడు. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి కలదు. అల్యూమినియముపై ఏర్పడు పొర ఆ లోహమును అంటిపెట్టుకొని దానికే కవచమగును. ఇనుపతుప్పు అట్లు కాదు. అది ఉబ్బి, పొలుసులై రాలి, క్రొత్త ఇనుమును మరల గాలికి, నీటికి అప్పగించును. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంతనున్న ఇనుపస్తంభము పదునారు వందల యేండ్లకు పైబడి నిలిచినదన్నచో, అందలి భాస్వరము వలన పైన ఏర్పడిన పలుచని పొరయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. సరకుబండి చేసినవారు నూరేండ్ల మాటయైనను తలపెట్టలేదు.

కనుక ప్రశ్న తుప్పు ఉన్నదా లేదా యనుట కాదు. అది ఎంత లోతున నున్నది యనుటయే. దీనిని వీధి మెకానిక్కులు పుస్తకముల కంటె చక్కగా చెప్పుదురు. బండిని జాకీపై లేపి, వెల్లకిల పండుకొని అడుగుకు దూరి, ఛాసీ కమ్ములపై సుత్తితో తట్టి చూతురు. “అన్నా, తోలు పోయింది గని బొక్క గట్టిగనే ఉన్నది” అన్నచో యజమాని ఊపిరి పీల్చుకొనును. “బొక్కలనే పట్టింది అన్నా, ఇగ దీనిమీద పైసలు పెట్టకు” అన్నచో మాటలాడడు.

కోస్తా జిల్లాలనుండి వచ్చి ఎల్.బి.నగరులో స్థిరపడినవారిని ఈ మాట తికమకపెట్టును. వారికి బొక్క యనగా రంధ్రము. తెలంగాణమున బొక్క యనగా ఎముక. నిఘంటువులో ఈ రెండర్థములు దూరదూరముగా నుండవచ్చును గాక. తుప్పు వానిని ఒక్కచోట చేర్చినది. ఎముకను రంధ్రముగా మార్చుటయే దాని వృత్తి.

తలుపు రేకు, అడుగు పలక, మడ్‌గార్డు పోయినచో అవి తోలు. కోసి, అతికి, రంగు వేయవచ్చును. ఇంజను సైతము విప్పి కట్టదగినదే. కాని బరువంతయు మోయు ఛాసీ కమ్ములు, కమాను పట్టీలు బిగించు చోట్లు పుచ్చిపోయినచో దానిపై ఎంత వెల్డింగు చేసినను అది చికిత్స కాదు. మంచి ఇనుము లేనిచోట అతుకు దేనిని పట్టుకొనును?

ప్రభుత్వపు లెక్క వేరు. వాహనముల తుక్కు విధానము 2021 ఆగస్టులో ప్రకటింపబడినది. 15 ఏండ్లు దాటిన వాహనముల ఫిట్‌నెస్ రుసుములు 2022 ఏప్రిల్ 1 నుండి పెరిగినవి. 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు 2023 ఏప్రిల్ 1 నుండి వయస్సే తీర్పయ్యెను. సొంత బండిపై బ్రతుకువానికి మాత్రము ఆ విధానము పరీక్షను ప్రమాణముగా నిలిపినది. ఇది న్యాయమే. పదేండ్లకే పుచ్చిన బండ్లును ఉన్నవి, పద్దెనిమిదేండ్లకును గట్టిగా మ్రోగు బండ్లును ఉన్నవి. అయితే పరీక్ష యనగా బండి క్రిందికి దూరి చూచునట్టిది కావలెను. కొత్త రంగును చూచి ముద్ర వేయునది పరీక్ష కాదు.

డబ్బు లెక్కకు వత్తము. కొత్తబండికి నెలకు 12,000 రూపాయల వాయిదా యనుకొందము. పాతబండికి నెలకు 4,000 మరమ్మతు, నాలుగు దినములు పని నాగా, దినమునకు 1,500 చొప్పున 6,000 నష్టము, వెరసి 10,000. కాగితముపై పాతదే 2,000 చౌక. కాని వాయిదా తేదీ చెప్పి వచ్చును; చెడిపోవుట చెప్పి రాదు. అది మామిడికాయ రోజులలో, బండి నిండా సరకున్న తెల్లవారుజామున, హయత్‌నగరు దగ్గర వచ్చినచో ఆ ఒక్కదినపు నష్టము నెల లెక్కను తారుమారు చేయును. మరియొక వైపు, వర్షకాలమున బేరములు తగ్గినపుడు పాతబండి ఇంటిముందు ఊరక నిలువగలదు, వాయిదా నిలువదు. అప్పు తీరకమునుపే బండిని పోగొట్టుకొన్నవారి కథలు ఏ ఆటోస్టాండులో అడిగినను వినబడును. కనుక ఎముక గట్టిదైనంతవరకు బాగుచేయించుకొనువానిని పిసినారి యనుట తగదు. ఎముక పుచ్చిన తరువాత ఈ లెక్కలే అనవసరము. బండి రెండుగా విరిగినపుడు వెనుక వచ్చు స్కూటరువాడు ఈ లెక్కలో ఎచ్చటను లేడు గదా!

క్యూబాలోని హవానా నగరమున 1950ల నాటి అమెరికా కారులు నేటికిని తిరుగుచున్నవని యాత్రికులు మురియుదురు. అచ్చటివారు వానిని వేడుకకై దాచుకొనలేదు. అమెరికా ఆంక్షల వలన కొత్తవి రాక, దొరికిన ఇంజను పెట్టి నడుపుకొనిరి. లేమి నేర్పిన విద్యకు మెచ్చవచ్చును, లేమిని మెచ్చరాదు.

అన్నింటికంటె చర్చకు రాని విషయము మరియొకటి కలదు. ‘కొత్తది కొనుట’ యనగా సామాన్యముగా పాతది అమ్ముట. అమ్మకమునకు ముందు పుచ్చిన కమ్మిపై పుట్టీ మెత్తి, నల్లరంగు పూసి, దండవేసిన బండి ఏ చిన్నపట్టణమునకో, ఇంకను బీదవాని ఇంటికి పోవును. మొదటివాని సమస్య తీరినది. తుప్పు మాత్రము చిరునామా మార్చుకొన్నది. కొనినవాడు మొదటి వానకు సంగతి తెలిసికొనును. తుక్కుగా అమ్మినచో వచ్చు సొమ్ము తక్కువ. నడచు బండిగా అమ్మినచో ఎక్కువ. ఆ వ్యత్యాసమే ఇంతమంది చేత రంగు పూయించుచున్నది.

కొనవచ్చినవానితో “ముందు కిందికి వంగి చూడు తమ్మీ, తర్వాత ధర మాట్లాడుదం” అను యజమానులును లేకపోలేదు. అట్టివారి బండికి పలుకు ధర కొంత తక్కువ.